క్లీన్‌రూమ్‌లో ఆర్బిటల్ వెల్డింగ్ ఫిక్స్చర్ వాడకం: బిగింపు నుంచి తనిఖీ దాకా

క్లీన్‌రూమ్‌లో (గాలిలోని కణాల సంఖ్యను అదుపులో ఉంచే గదిలో) ఆటోమేటిక్ వెల్డింగ్ అంటే చాలావరకు స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యూబులకు చేసే ఆర్బిటల్ టిగ్ (టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్, జడవాయువులతో చేసే) వెల్డింగే. ట్యూబు కదలదు. దాన్ని పట్టుకున్న ఫిక్స్చర్‌లో రోటర్ తిరుగుతూ, టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్‌ను ట్యూబు చుట్టూ ఒక చుట్టు తిప్పుతుంది. ఫిల్లర్ వైర్ ఉండదు, రెండు అంచులూ కరిగి కలిసిపోతాయి. అలా కరిగి గట్టిపడ్డ పట్టీయే బీడ్. ఈ మార్గదర్శిలో ఉన్నదంతా 316ఎల్ (తక్కువ కార్బన్ ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ రకం) ట్యూబులు, మూసిన వెల్డ్ హెడ్ (ట్యూబు చుట్టూ మూసుకుని ఆర్గాన్ వాయువును లోపల ఉంచే ఫిక్స్చర్), 6.35 మి.మీ. నుంచి 25.4 మి.మీ. దాకా వ్యాసం ఉన్న పనికి వర్తిస్తుంది.

అందరూ ముందు అడిగేది "ఎన్ని ఆంపియర్లు పెట్టాలి?" అని. ఇక్కడ ఆ సంగతి ఏడో అంకంలో వస్తుంది. చిన్న ట్యూబు మీద ఆర్క్ వెలిగేది పది, ఇరవై సెకన్లు మాత్రమే. అది వెలిగేసరికే బీడ్ మంచిదో చెడ్డదో చాలావరకు తేలిపోయి ఉంటుంది.

1. గదిలోకి వెళ్లకముందు తేల్చుకోవాల్సినవి

గది తరగతి ఏమిటో కాగితం మీద చూసుకోండి. ఐఎస్ఓ 14644-1 ప్రకారం 5వ తరగతి గదిలో ఘనపు మీటరు గాలికి 0.5 మైక్రాన్, అంతకన్నా పెద్ద కణాలు 3,520 దాటకూడదు. 7వ తరగతిలో ఈ పరిమితి 3,52,000. తరగతిని బట్టే ఏ పని లోపల చేయాలో, ఏది బయట చేసి తేవాలో నిర్ణయమవుతుంది.

- హాట్ వర్క్ (మంట, నిప్పురవ్వలు వచ్చే పని) అనుమతి, దాని గడువు
- పొగ పసిగట్టే వ్యవస్థను చూసుకునేవారికి ముందస్తు సమాచారం. గాలిని పీల్చి పరీక్షించే రకం డిటెక్టర్లు చాలా సున్నితంగా ఉంటాయి, కొద్దిపాటి ఆవిరికే మోగుతాయి.
- ఆర్క్ స్టార్ట్ సమయంలో వచ్చే హై వోల్టేజ్ పల్స్ వల్ల పక్క యంత్రాల కంట్రోలర్లకు ఇబ్బంది ఉందా అని వాటి బాధ్యుల నుంచి నిర్ధారణ
- ఆర్గాన్ ఎటు బయటికి పోతుందో దారి. ఆర్గాన్ గాలికన్నా బరువు, రంధ్రాల ఫ్లోర్ కింద చేరుతుంది. కింద మనుషులు పనిచేసే చోటైతే అక్కడ కూడా ఆక్సిజన్ మానిటర్ ఉండాలి, 19.5 శాతం కన్నా తగ్గితే మోగేలా.
- ట్యూబు, ఫిట్టింగుల హీట్ నంబర్లు (ఉక్కు ఏ కరిగింపు నుంచి వచ్చిందో చెప్పేవి), మిల్ సర్టిఫికెట్లు (లోహంలో ఏమేం ఉన్నాయో తయారీదారు ఇచ్చే పత్రాలు)

చివరి అంశాన్ని తేలిగ్గా తీసుకోకండి. 316ఎల్‌లో గంధకం శాతాన్ని బట్టి కరిగిన లోహం ప్రవహించే తీరే మారిపోతుంది. తగినంత గంధకం ఉంటే ప్రవాహం మధ్యకు, కిందకు సాగి బీడ్ లోతుగా దిగుతుంది. మరీ తక్కువైతే పక్కలకు పరుచుకుని వెడల్పుగా, లోతు లేకుండా మిగులుతుంది. ఏఎస్ఎంఈ బీపీఈ (బయోప్రాసెసింగ్ పరికరాల) ప్రమాణం 316ఎల్‌కు 0.005 నుంచి 0.017 శాతం హద్దు పెట్టింది అందుకే. ఒకవైపు 0.003, ఇంకోవైపు 0.014 ఉన్న ముక్కల్ని కలిపితే బీడ్ తక్కువ గంధకం ఉన్న వైపుకు జరిగిపోతుంది. ఫిక్స్చర్ ఎంత కచ్చితంగా బిగించినా అది ఆగదు. సర్టిఫికెట్లలో ఈ తేడా కనిపిస్తే సైటులోకి రాకముందే ముక్కలు మార్పించండి.

2. సామాను లోపలికి తేవడం

వెల్డ్ హెడ్, కాలెట్లు (హెడ్‌లో ట్యూబును పట్టుకునే బిగింపు ముక్కలు), కేబుళ్లు, గేజులు అన్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన, నూగు రాని పాలిస్టర్ తుడుపు గుడ్డలతో తుడిచి రెండు సంచుల్లో పెట్టండి. బయటి సంచి ఎయిర్‌లాక్‌లో, లోపలి సంచి పనిచేసే చోట విప్పాలి. గుడ్డతో ఒకే దిశలో తుడవండి, వెనక్కీ ముందుకూ రుద్దితే మురికి అక్కడే తిరుగుతుంది. ఆల్కహాల్ మండుతుంది కాబట్టి పూర్తిగా ఆరాకే ఆర్క్ గురించి ఆలోచించాలి. తడి మిగిలితే దాని ఆవిరి ఆర్క్‌లో కాలి మసి కూడా పట్టిస్తుంది.

పవర్ సప్లైలో చల్లబరిచే ఫ్యాన్ ఉంటుంది. అది గదిలో దుమ్ము లేపుతుంది. వీలైతే దాన్ని గది బయట ఉంచి కేబుల్‌ను గోడలోని పాస్ త్రూ గుండా తీయండి. కుదరకపోతే గాలి బయటికి పోయే రిటర్న్ జాలీ పక్కన పెట్టండి, తెరిచిన ట్యూబు చివర్లకు దూరంగా.

సాధారణ ఉక్కు మీద వాడిన ఫైళ్లు, బ్రష్‌లు, కాలెట్లు ఈ పనికి రావు. అంటుకున్న ఇనుప రేణువులు తర్వాత తుప్పు మచ్చలవుతాయి. క్లోరైడ్ ఉన్న మార్కర్లు, జిగురు టేపులు కూడా నిషిద్ధం. లోపల వాడే పనిముట్ల సెట్టు వేరుగా, గుర్తు వేసి ఉండాలి.

3. కోత, ఫేసింగ్

రజను పుట్టే పని ఇదే కనుక ప్రధాన గదిలో చేయకపోవడం మేలు. పక్కన ఫ్యాబ్రికేషన్ గది గానీ వాక్యూమ్ హుడ్ గానీ ఉండాలి. హ్యాక్సా, రాపిడి చక్రం వద్దు. ట్యూబ్ కట్టర్ లేదా ఆర్బిటల్ సా తో కోసి, ఫేసింగ్ మెషీన్‌తో అంచు సరిచేయండి.

అంచు ట్యూబు అక్షానికి సరిగ్గా లంబంగా ఉండాలి. బర్ (కోసినప్పుడు అంచున మిగిలే గరుకు పొర) ఉండకూడదు, అలాగని చాంఫర్ (ఏటవాలుగా గీకిన మూల) కూడా ఉండకూడదు. బర్ తీయడానికి మూల గీకేస్తే అక్కడ లోహం తగ్గిపోతుంది. ఫిల్లర్ లేని వెల్డ్‌లో ఆ లోటును భర్తీ చేసేది ఏదీ లేదు.

పరీక్ష సులువు: రెండు అంచుల్ని చేత్తో కలిపి వెలుతురుకు ఎదురుగా పట్టుకుని తిప్పండి. సన్నని వెలుగు గీత ఎక్కడ కనిపించినా మళ్లీ ఫేసింగ్ చేయండి. ఫేసింగ్ చేసేటప్పుడు ట్యూబు నోరు కిందికి ఉంచండి. అవతలి చివర నుంచి ఆర్గాన్ వదిలి రజను బయటికి తోయండి. కంప్రెస్డ్ ఎయిర్ వాడకండి, అందులో నూనె, తేమ ఉంటాయి. పని అవగానే రెండు చివర్లకూ శుభ్రమైన క్యాపులు వేయండి.

4. ఫిక్స్చర్ బిగింపు

ఫిక్స్చర్‌కు మూడు పనులున్నాయి: రెండు ట్యూబుల్ని ఒకే అక్షంలో ఉంచడం, జాయింట్‌ను ఎలక్ట్రోడ్ కిందికి తేవడం, కరెంటుకు తిరుగుదారి ఇవ్వడం. మూడోది చాలామందికి గుర్తుండదు. చాలా మూసిన హెడ్లలో కరెంటు ట్యూబు నుంచి కాలెట్ల ద్వారానే వెనక్కి పోతుంది. కాలెట్ మీద మసి, నూనె, ఆక్సైడ్ పొర ఉంటే ఆర్క్ వణుకుతుంది. ట్యూబు బయట, కాలెట్ తాకిన చోట చిన్న కాలిన చుక్కలు పడతాయి. అవి కనిపిస్తే ప్రోగ్రామ్‌ను ముట్టుకోకండి, కాలెట్లు శుభ్రం చేయండి.

క్రమం ఇది:

అ) రోటర్ హోమ్ స్థానంలో ఉందో లేదో చూసి హెడ్ తెరవండి. మధ్యలో ఆగిన రోటర్ మీద ట్యూబు పెడితే పళ్లు దెబ్బతింటాయి.

ఆ) ట్యూబు బయటి వ్యాసానికి సరిపోయే కాలెట్ జతను రెండు వైపులా పెట్టండి. ఫిట్టింగు వైపు స్టబ్ (ఫిట్టింగు నుంచి బయటికి వచ్చే ట్యూబు భాగం) పొట్టిగా ఉంటే దాని కోసం చేసిన ప్రత్యేక కాలెట్ కావాలి. పెద్ద కాలెట్‌లో పలచని రేకు చుట్టి సర్దుబాటు చేయకూడదు.

ఇ) మొదట ఒకవైపు ట్యూబును పెట్టి, సెంటరింగ్ గేజ్‌తో అంచును ఎలక్ట్రోడ్ గీతకు తెచ్చి బిగించండి.

ఈ) రెండో ట్యూబును మొదటిదానికి ఆనించి, కొద్దిగా నొక్కుతూ బిగించండి. నొక్కు వదిలాక ఖాళీ తెరుచుకుంటే రెండో వైపు కాలెట్ ట్యూబును వెనక్కి లాగుతోందని అర్థం.

ఉ) చేత్తో తిప్పి చూడండి, లాగి చూడండి. ఏమాత్రం జారినా కాలెట్ అరిగింది, మార్చండి.

ఊ) అంచుల ఎత్తు తేడా చూడండి. ఏఎస్ఎంఈ బీపీఈ హద్దు గోడ మందంలో 15 శాతం. 1.24 మి.మీ. గోడకు అది 0.19 మి.మీ. కూడా రాదు. గోరుకు తగిలేంత మెట్టు ఉంటే దాదాపు ఎప్పుడూ ఎక్కువే. ఒక ట్యూబును పావు చుట్టు తిప్పి మళ్లీ బిగిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది, ఎందుకంటే అసలు కారణం ట్యూబు పూర్తి గుండ్రంగా లేకపోవడమే.

పొడుగు ట్యూబుల బరువు ఫిక్స్చర్ మీద పడకూడదు. రెండు వైపులా స్టాండ్లు పెట్టి, కాలెట్లు బిగించకముందే ట్యూబులు ఒకే ఎత్తులో నిలిచేలా చూడండి. గోడకు బిగించిన లైన్ మీద పనిచేస్తుంటే తలకిందులుగా లెక్క వేయాలి: అక్కడ ట్యూబు కదలదు, హెడ్ వేలాడుతుంది. హెడ్‌నూ కేబుల్‌నూ పైనుంచి వేలాడదీయండి. కేబుల్ లాగుడు ఒక్కటే చాలు జాయింట్ తెరుచుకోవడానికి.

వెల్డ్ తర్వాత లైన్ కొద్దిగా కుంచించుకుంటుంది. ఎంత అన్నది గోడ మందాన్ని, బీడ్ వెడల్పును బట్టి మారుతుంది కనుక కూపన్‌ను (పరీక్ష కోసం వెల్డ్ చేసే ముక్కను) ముందూ వెనకా కొలిచి ఆ అంకెను కోత పొడవులో కలపండి. వరుసగా చాలా జాయింట్లున్న లైన్‌లో ఇది కలపకపోతే చివరి ఫిట్టింగు దగ్గర బలవంతంగా లాగాల్సి వస్తుంది.

క్లీన్‌రూమ్‌లో చేత్తో ట్యాక్ (ముక్కలు కదలకుండా వేసే చిన్న వెల్డ్ చుక్క) వేయడం వీలైనంత తప్పించండి. ఫిక్స్చర్ పట్టుకోగలిగినప్పుడు దాని అవసరం లేదు. తప్పదనుకుంటే లోపల ఆర్గాన్ నడుస్తుండగా, ఫిల్లర్ లేకుండా, బీడ్‌లో పూర్తిగా కరిగిపోయేంత చిన్నగా వేయండి.

5. ఎలక్ట్రోడ్

సీరియం లేదా లాంథనం కలిపిన టంగ్‌స్టన్, పొడవు దిశలో గ్రైండ్ చేసింది, 20 నుంచి 30 డిగ్రీల కోణం, చివర సుమారు 0.25 మి.మీ. చదును. అడ్డంగా పడిన గ్రైండింగ్ గీతలు ఆర్క్‌ను పక్కకు తిప్పుతాయి. గ్రైండింగ్ లోపల చేయకండి, తయారుగా నూరి ప్యాక్ చేసినవి తేవడం మంచిది.

ఆర్క్ గ్యాప్‌కు మొదటి అంచనా గోడ మందమే: 0.89 మి.మీ. గోడకు దాదాపు 0.9 మి.మీ. గేజ్‌తో పెట్టాక రోటర్‌ను ఆర్క్ లేకుండా ఒక చుట్టు తిప్పి నాలుగు చోట్ల మళ్లీ కొలవండి. ఒకచోట దగ్గర, ఇంకోచోట దూరంగా ఉంటే ట్యూబు మధ్యలో లేదు. గ్యాప్ మార్చి ప్రయోజనం లేదు, నాలుగో అంకానికి వెనక్కి వెళ్లండి.

6. పర్జ్

పర్జ్ అంటే ట్యూబు లోపలి గాలిని ఆర్గాన్‌తో బయటికి తోసేయడం. రంగు మారిన బీడ్ల ఫిర్యాదుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇక్కడే ఉంటుంది.

కనీసం 99.999 శాతం ఆర్గాన్ వాడండి. సెమీకండక్టర్ గ్యాస్ లైన్లకైతే ప్యూరిఫయర్ కూడా తప్పనిసరి అనుకోండి. క్రమం: మూలం, రెగ్యులేటర్, ప్యూరిఫయర్, ఫిల్టర్, ఫ్లో మీటర్, ట్యూబు, ఆపైన బయటికి పోయే చివర రెస్ట్రిక్టర్ (గ్యాస్ పోయే దారిని సన్నగా చేసే ముక్క). గొట్టాలు స్టెయిన్‌లెస్ లేదా పీఎఫ్ఏ (ఒక ఫ్లోరో ప్లాస్టిక్) రకం. రబ్బరు, సిలికోన్ గొట్టాల గోడల్లోంచి ఆక్సిజన్, తేమ లోపలికి చొరబడతాయి. సిలిండర్‌లో ఎంత శుద్ధమైన గ్యాస్ ఉన్నా చివర వచ్చేది అది కాదు.

"ఎంతసేపు పర్జ్ చేయాలి?" అన్న ప్రశ్నకు గడియారంతో జవాబు చెప్పకూడదు. ఎందుకో లెక్క చూడండి. 12.7 మి.మీ. వ్యాసం, 1.24 మి.మీ. గోడ ఉన్న ట్యూబు లోపలి వ్యాసం 10.22 మి.మీ. ఆరు మీటర్ల పొడవులో పట్టే గ్యాస్ సుమారు అర లీటరు. నిమిషానికి 5 లీటర్ల ప్రవాహంతో ఒక్క నిమిషంలో లోపలి గాలి పదిసార్లు మారిపోతుంది. అయినా ఆక్సిజన్, తేమ రీడింగు దిగదు. ట్యూబు గోడకు పట్టిన తేమ మెల్లగా విడుదలవుతుంది, టీ ఫిట్టింగుల మూసిన కొమ్మల్లో గాలి నిలిచే ఉంటుంది. అందుకే బయటికి వచ్చే చివర ఆక్సిజన్ ఎనలైజర్ పెట్టి, 10 పీపీఎం (పది లక్షల్లో పది భాగాలు) కన్నా దిగి నిలకడగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ప్రాజెక్టు స్పెసిఫికేషన్ ఇంకా తక్కువ అడిగితే అదే లెక్క. ప్రతి కొమ్మ చివరనూ కాసేపు తెరిచి విడిగా పర్జ్ చేయాలి.

ఏడబ్ల్యూఎస్ (అమెరికన్ వెల్డింగ్ సొసైటీ) డి18.2 మార్గదర్శిలో ఆక్సిజన్ 10 పీపీఎం నుంచి 25,000 పీపీఎం దాకా పెరిగినప్పుడు బీడ్ పక్కన రంగు ఎలా మారుతుందో పది నమూనాలున్నాయి. ఆ చిత్రం పనిచేసే చోట ఉంచుకోండి, మాటలతో వాదించుకునే పని తప్పుతుంది.

తర్వాత లోపలి ఒత్తిడి. కరిగిన బీడ్‌ను లోపలి నుంచి మోసేది ఆర్గాన్ ఒత్తిడే. తక్కువైతే బీడ్ లోపలికి వేలాడుతుంది. ఎక్కువైతే బయటికి ఉబ్బుతుంది, చివరి ఓవర్‌ల్యాప్ దగ్గర పేలి రంధ్రం పడుతుంది. చిన్న వ్యాసానికి ఎక్కువ ఒత్తిడి, పెద్ద వ్యాసానికి తక్కువ ఒత్తిడి కావాలి. జాయింట్‌కు దగ్గరగా టీ ఫిట్టింగు పెట్టి మానోమీటర్ (ఒత్తిడి కొలిచే పరికరం) కలపండి. జాయింట్ బిగించాకే రెస్ట్రిక్టర్‌తో ఒత్తిడి సర్దండి. సరైన అంకె కూపన్ చెబుతుంది: లోపలి బీడ్ గోడతో సమంగా వచ్చిన ఒత్తిడిని రాసిపెట్టుకుని అసలు జాయింట్‌లోనూ అదే ఉంచండి.

పర్జ్ దిశ కూడా ముందే నిర్ణయించుకోండి. కరిగిన లోహం నుంచి ఆవిరయ్యే మాంగనీస్ ప్రవాహం వెళ్లే వైపు గోడ మీద పేరుకుంటుంది, అక్కడ తుప్పు నిరోధం తగ్గుతుంది. ఇప్పటికే పూర్తయిన శుభ్రమైన భాగం వైపు నుంచి కొత్త భాగం వైపుకు ఆర్గాన్ నడవాలి.

7. ప్రోగ్రామ్ అంకెలు

ఇవి మొదటి కూపన్‌కు మాత్రమే, అసలు జాయింట్‌కు కాదు.

- పీక్ కరెంటు: గోడ మందం ప్రతి 0.025 మి.మీ.కు దాదాపు 1 ఆంపియర్. 0.89 మి.మీ.కు 35, 1.24 మి.మీ.కు 49.
- చుట్టును నాలుగు లెవెళ్లుగా విడగొట్టండి. ట్యూబు వేడెక్కుతూ పోతుంది కాబట్టి చివరి లెవెల్ మొదటిదానిలో 80 శాతం. 49తో మొదలైతే 46, 42, 39.
- బ్యాక్‌గ్రౌండ్ కరెంటు (పీక్‌ల మధ్యలో ఉండే తక్కువ కరెంటు): పీక్‌లో పావు నుంచి మూడో వంతు
- వేగం: నిమిషానికి 127 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. 6.35 మి.మీ. ట్యూబు చుట్టుకొలత 19.95 మి.మీ., అంటే నిమిషానికి 6.4 చుట్లు, ఒక చుట్టుకు 9.4 సెకన్లు. 12.7 మి.మీ.కు 3.2 చుట్లు, 19 సెకన్లు.
- రొటేషన్ డిలే: ఆర్క్ వెలిగాక లోపలి దాకా కరిగేంత సేపు, గోడను బట్టి ఒకటి నుంచి మూడు సెకన్లు
- మొదలైన చోటు దాటి 10 నుంచి 20 డిగ్రీల ఓవర్‌ల్యాప్, ఆ తర్వాత డౌన్‌స్లోప్ (కరెంటును మెల్లగా తగ్గించడం). కరెంటు ఒక్కసారిగా ఆపితే చివరి గుంటలో పగులు వస్తుంది.
- హెడ్‌లోకి ఆర్గాన్ నిమిషానికి 7 నుంచి 12 లీటర్లు, వెల్డ్‌కు ముందు, తర్వాత కనీసం 20 సెకన్లు

కూపన్ చూసి ఒకసారికి ఒక్క విలువే మార్చండి. కరెంటు, వేగం రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

8. కూపన్

షిఫ్ట్ మొదట్లో, చివర్లో; ఎలక్ట్రోడ్, హెడ్, కాలెట్లు, ఆర్గాన్ మూలం, ట్యూబు హీట్ నంబరు, కేబుల్ పొడవు వీటిలో ఏది మారినా కూపన్ చేయాలి. అసలు పనిలో వాడే ట్యూబు ముక్కలతోనే చేయాలి. నిలువుగా కోసి లోపలి బీడ్ చూడండి. కోత మాత్రం బయట గదిలో.

- చుట్టూ పూర్తిగా లోపలి దాకా కరిగిందా?
- లోపలి ఉబ్బు, బయటి గుంట గోడ మందంలో 10 శాతం లోపేనా?
- అతి సన్నని చోట బీడ్, అతి వెడల్పైన చోటులో సగమైనా ఉందా?
- మెలిక తిరగడం (బీడ్ జాయింట్ గీత నుంచి అటూ ఇటూ జరగడం) బీడ్ వెడల్పులో 25 శాతం లోపేనా?
- రంగు?

షిఫ్ట్ చివరి కూపన్ పరీక్షలో విఫలమైతే ఆ షిఫ్ట్‌లోని జాయింట్లన్నీ అనుమానాస్పదమే. అందుకే మధ్యాహ్నం ఒకటి అదనంగా చేయడం లాభం.

9. అసలు జాయింట్

1) గ్లవుజులు మార్చండి. 2) క్యాపులు తీసి అంచులు తుడవండి, ఆరనివ్వండి. 3) ఫిక్స్చర్‌లో బిగించండి. 4) పర్జ్ కలిపి రీడింగు దిగేదాకా ఆగండి. 5) ఒత్తిడి సర్దండి. 6) ప్రోగ్రామ్ నంబరు గట్టిగా చదివి ఇంకొకరితో సరిచూసుకోండి. 7) స్టార్ట్ నొక్కండి, ఆ తర్వాత హెడ్‌నూ కేబుల్‌నూ ముట్టుకోకండి. 8) పోస్ట్ పర్జ్ పూర్తయ్యేదాకా హెడ్ తెరవకండి, వేడి బీడ్‌కు గాలి తగిలితే వెంటనే రంగు మారుతుంది. 9) లాగ్‌లో రాయండి: వెల్డ్ నంబరు, రెండు హీట్ నంబర్లు, ఆక్సిజన్ రీడింగు, ఒత్తిడి, కూపన్ నంబరు.

తెరిచిన ట్యూబు మీదికి వంగి చూడకండి. గాలి పైనుంచి కిందికి వస్తుంది, మీ నుంచి రాలిన కణాలు నేరుగా అందులో పడతాయి.

10. తప్పులు, వాటి మూలాలు

బీడ్ ఒక పక్కకు జరిగింది. మొదట జాయింట్ ఎలక్ట్రోడ్ కింద ఉందో లేదో చూడండి. ఉంటే ఎలక్ట్రోడ్ కొన. అదీ బాగుంటే గంధకం తేడా. ఈ వరుసను మార్చకండి, మొదటి రెండూ నిమిషాల్లో తేలతాయి.

బీడ్ బయట మెరుస్తోంది, లోపల నీలం. హెడ్ గ్యాస్ బాగుంది, ట్యూబు పర్జ్ బాగాలేదు. ఎనలైజర్ మంచి రీడింగు చూపినా ఇలా అయితే జాయింట్ దగ్గరే గాలి చొరబడుతోంది: అంచులు కలవలేదు, లేదా ఒత్తిడి సున్నాకు దగ్గరగా ఉంది.

మొదటి సగం సరిగ్గా కరగలేదు, రెండో సగం మరీ వెడల్పు. లెవెళ్ల మధ్య తగ్గింపు చాలలేదు, లేదా డిలే తక్కువ.

చివర్లో రంధ్రం. లోపలి ఒత్తిడి. రెస్ట్రిక్టర్ మూసుకుపోయిందేమో చూడండి. జాయింట్‌లో చిన్న ఖాళీ ఉండి అందులోంచి గ్యాస్ పోతుంటే మానోమీటర్ తక్కువ చూపిస్తుంది. చుట్టు పూర్తవుతూ ఖాళీ మూసుకున్నప్పుడు ఒత్తిడి ఎగబాకుతుంది. మందు ఫేసింగ్‌లోనే ఉంది.

ట్యూబు ఒకవైపు ఫిట్టింగు ఉంటే బీడ్ ట్యూబు వైపు ఎక్కువ కరుగుతుంది. ఫిట్టింగు బరువైన లోహం, వేడిని లాగేసుకుంటుంది. దానికి వేరే ప్రోగ్రామ్, వేరే కూపన్ కావాలి.

లోపం ఉన్న జాయింట్ మీద రెండోసారి తిప్పే అలవాటు కొన్ని చోట్ల ఉంది. హై ప్యూరిటీ లైన్లలో స్పెసిఫికేషన్ స్పష్టంగా అనుమతిస్తే తప్ప వద్దు. కోసేసి కొత్తగా చేయడమే తక్కువ ఖర్చు.

11. పని ముగిశాక

బీడ్‌ను బయటి నుంచి కంటితో, లోపలి నుంచి బోరోస్కోప్‌తో (ట్యూబులోకి దింపి చూసే సన్నని పరికరంతో) చూడండి. సెమీకండక్టర్ లైన్లకు సెమీ ఎఫ్81 దృశ్య తనిఖీ ప్రమాణం వర్తిస్తుంది. బోరోస్కోప్ కొనను ప్రతిసారీ తుడవండి, లోపలి గోడను గీకకుండా నడపండి. ఆపైన హీలియం లీక్ పరీక్ష, అంగీకార హద్దు ప్రాజెక్టు పత్రంలో ఉన్నదే.

లైన్‌లో ఆర్గాన్ ఆపే ముందు రెండు చివర్లకూ క్యాపులు వేసి సంచి కట్టండి. హెడ్ చల్లారాక రోటర్ సందుల్లో చేరిన నల్లటి పొడిని తడి గుడ్డతో తీసేయండి, ఊదకండి. రోటర్ గేర్లకు తయారీదారు చెప్పిన గ్రీజు తప్ప ఇంకేదీ రాయకండి. కాలెట్లను జతలుగా, వాటి వ్యాసం రాసిన సంచుల్లో దాచండి. ఒక జతలో ఒక ముక్క మారిపోతే మరుసటి రోజు అంచుల మెట్టుకు కారణం వెతకడానికే పూట గడిచిపోతుంది.